కాలు మొద్దుబారి నాలుగు రోజులైంది, డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలా వద్దా?

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్లు, మాది నంద్యాల. ఏడాదిన్నర కిందట ఎడమకన్ను మసకబారింది, కన్ను కదిపితే నొప్పి. ఫోన్ ఎక్కువ చూడటం వల్లేమో అనుకుని పన్నెండు రోజులు ఊరుకున్నాను. చివరికి కంటి డాక్టర్ న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపితే ఎమ్మారై తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అన్నారు, ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాము నరాల మీద దాడి చేసే జబ్బట. అది తిరగబెట్టకుండా రోజూ ఫింగోలిమాడ్ అనే క్యాప్సూల్ వేసుకుంటున్నాను. నా డాక్టర్ హైదరాబాద్‌లో ఉంటారు. పోయిన నెల మెడ వంచినప్పుడల్లా వెన్నులో కరెంట్ షాక్ కొట్టినట్టు ఉంటోందని ఫోన్ చేస్తే, అక్కడి అసిస్టెంట్ ఇంత చిన్నదానికా అన్నట్టు మాట్లాడాడు. అప్పటి నుంచి ఫోన్ చెయ్యాలంటే మొహమాటంగా ఉంది. ఇప్పుడు నాలుగు రోజులుగా కుడికాలు పాదం నుంచి మోకాలి దాకా మొద్దుబారింది. మాటిమాటికీ బాత్రూంకి వెళ్లాల్సి వస్తోంది. జ్వరం లేదు. ఇక్కడ ఎండ 43 డిగ్రీలు. ఎండ వల్లే అంటారు మా ఆయన. మందు వేడి చేసింది, ఈ రెండు నెలలూ ఆపెయ్యి అంటారు మా అత్తగారు. పిల్లల గురించి కూడా ఇంట్లో అడుగుతున్నారు. ఏది ఎప్పుడు డాక్టర్‌కి చెప్పాలో అర్థం కావడం లేదు.

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను చెల్లీ. ముందు ఒక పని చెయ్యి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఇవాళే మీ న్యూరాలజిస్ట్ ఉండే హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యి. ఫోన్ పెట్టేశాక దగ్గర్లో ఉన్న ల్యాబ్‌కి వెళ్లి యూరిన్ రొటీన్, యూరిన్ కల్చర్ రెండింటికీ శాంపిల్ ఇవ్వు. శాంపిల్ ఇచ్చేదాకా మెడికల్ షాపులో ఇచ్చే యాంటీబయాటిక్ ఒక్కటి కూడా వేసుకోవద్దు, వేసుకుంటే కల్చర్‌లో అసలు క్రిమి దొరక్కపోవచ్చు. ఈ లోపు కాలు బరువెక్కి నడక తడబడినా, మొద్దుబారడం రెండో కాలికి పాకినా, మూత్రం వస్తున్నట్టే ఉండి రాకపోయినా ఇక ఫోన్‌తో ఆగొద్దు, హైదరాబాద్ దూరమైతే కర్నూలుకైనా సరే వెంటనే బయల్దేరు.

నేను డాక్టర్‌ని కాదు. ఈ జబ్బుతో చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని, అంతే. అయినా నీ విషయంలో ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నాలుగు రోజులు దాటింది, పైగా చోటు కొత్తది. కంటికి వచ్చింది మళ్లీ ఆ కంటికే వచ్చి ఉంటే పాతదే కాస్త పైకి తేలిందేమో అనుకోవచ్చు. కాలికి నీకు ఇంతకుముందు రాలేదు. డాక్టర్లు రిలాప్స్, అంటే జబ్బు మళ్లీ తిరగబెట్టింది, అనాలంటే లక్షణం కొత్తదై ఉండాలి, లేదా పాతది బాగా ముదిరి ఉండాలి. అది 24 గంటలకు తగ్గకుండా ఉండాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ లాంటి వేరే కారణం ఉండకూడదు. ముందటి రిలాప్స్‌కీ దీనికీ కనీసం 30 రోజులు ఎడం ఉండాలి. ఇందులో కొత్తదా కాదా, ఎన్నాళ్లయింది అన్నది ఇంట్లో కూర్చుని నువ్వే చెప్పగలవు. ఇన్ఫెక్షన్ ఉందా అన్నది ల్యాబ్ చెప్పాలి. ఇంతకీ ఇది రిలాప్సా కాదా అన్నది తేల్చాల్సింది డాక్టర్. మనలో చాలామందిమి ఇక్కడే ఇరుక్కుంటాం, నిజంగా రిలాప్సే అని తెలిశాక చేద్దాంలే అని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం. అది తెలియాలంటే పరీక్ష చెయ్యాలి, ఒక్కోసారి ఎమ్మారై తియ్యాలి, ఆ పని వంటింట్లో జరిగేది కాదు కదా. ఫోన్ చెయ్యడానికి నీకు కావాల్సింది అనుమానం మాత్రమే.

ఆ అసిస్టెంట్ సంగతి. మెడ వంచితే వెన్నులోకి కరెంట్ పాకినట్టు ఉండటాన్ని లెర్మిట్ సైన్ అంటారు, ఎంఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి ఉంటుంది, మెడ దగ్గర వెన్నుపాములో ఈ జబ్బు చేసిన మచ్చ ఉంటే వస్తుంది, క్షణాల్లో పోతుంది. ఆ రోజే పరిగెత్తాల్సిన విషయం కాదు, కానీ మొదటిసారి వచ్చినప్పుడు డాక్టర్‌కి తెలియాల్సిన విషయమే. నువ్వు ఫోన్ చేసి మంచి పనే చేశావు, అవతలి మనిషి మాట తీరు బాగాలేదు, అంతే తేడా. నిజం చెప్పాలంటే పెద్ద హాస్పిటళ్లలో ఫోన్ ఎత్తేవాళ్లకి ఎంఎస్ గురించి ఏమీ తెలియదు, వాళ్ల పని అపాయింట్‌మెంట్లు రాయడం. అందుకని వాళ్లకి కథంతా చెప్పకు. నేనైతే ముందే కాగితం మీద రాసుకుని చదివేస్తాను. నీది ఇలా ఉండొచ్చు: "నాకు ఎంఎస్, ఫలానా డాక్టర్ పేషెంట్‌ని, ఫింగోలిమాడ్ వాడుతున్నాను. నాలుగు రోజులుగా కుడికాలు పాదం నుంచి మోకాలి వరకు మొద్దుబారింది, ఇది కొత్తగా వచ్చింది. జ్వరం లేదు, మూత్రం ఎక్కువసార్లు వస్తోంది, టెస్ట్‌కి ఇస్తున్నాను. నడవగలుగుతున్నాను. డాక్టర్ గారికి చెప్పి, నేను ఎప్పుడు రావాలో ఇవాళ సాయంత్రంలోగా చెప్పండి." ఎవరితో మాట్లాడావో పేరు అడిగి రాసుకో. సాయంత్రానికి ఉలుకూ పలుకూ లేకపోతే మళ్లీ చేసి న్యూరాలజీ డ్యూటీ డాక్టర్‌కి కలపమని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ. వాళ్ల విసుగు ఫోన్ పెట్టేయగానే పోతుంది.

ఇక మీ ఆయన ఎండ అన్నది కొట్టిపారేసే మాటేం కాదు. ఎంఎస్ ఉన్నవాళ్లకి ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా పాత లక్షణాలు పైకి లేవొచ్చు. ఊట్‌హాఫ్ అని ఒక జర్మన్ కంటి డాక్టర్ 1890లోనే దీని గురించి రాశాడు, శ్రమ పడ్డాక కొంతమంది పేషెంట్లకి చూపు మందగించి, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ వచ్చేది. ఎమ్మారై లేని రోజుల్లో అయితే ఎంఎస్ ఉందా లేదా చూడటానికి మనిషిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు పెరుగుతాయేమో చూసేవారట, తలుచుకుంటేనే నాకు కాళ్లు తేలిపోతాయి. ప్రపంచ ఎంఎస్ దినం మే 30న పెట్టారు, సరిగ్గా మన రోహిణీ కార్తె ఎండల్లో! సభకి రమ్మని పిలిస్తే వెళ్లాలో ఇంట్లో పడుకోవాలో తెలియదు.

సరే, ఎండ వల్ల అయితే ఎలా తెలుస్తుంది? వేడి వల్ల వచ్చింది ఒళ్లు చల్లబడితే పోతుంది. కూలర్ ముందు కూర్చుని, చల్లటి నీళ్లు తాగి, మెడమీద తడిగుడ్డ వేసుకుని ఒక గంట రెండు గంటలు చూడు. పూర్తిగా సర్దుకుంటే అది కొత్త దెబ్బ కాదు, డాక్టర్‌కి ఆ రోజు ఫోన్ చెయ్యక్కర్లేదు, డైరీలో రాసుకుని తర్వాతిసారి చెబితే చాలు. నేను చూసుకునే ఇంకో గుర్తు ఉంది: తెల్లవారుజామున ఐదింటికి, ఒళ్లు చల్లగా ఉండి ఎండ ఇంకా మొదలవని వేళ, నిద్ర లేచి పాదం నేలమీద పెట్టినప్పుడు ఎలా ఉంది? నీకు నాలుగు పొద్దులూ మొద్దుబారే ఉంటే దాన్ని ఎండ ఖాతాలో రాయడం కుదరదు. మీ ఆయనకి ఈ ఒక్క ప్రశ్న వేసి చూడు. ఎండలో తిరిగొచ్చాక ఒళ్లు కాలిపోతూ, మాట తికమకగా ఉండి, మనిషి మత్తుగా అయిపోతే మాత్రం అది వడదెబ్బ, ఎంఎస్ ఉన్నా లేకపోయినా 108కి ఫోన్ చెయ్యాల్సిందే.

మాటిమాటికీ బాత్రూంకి వెళ్లడం గురించి నువ్వు ఒక్క ముక్క రాసి వదిలేశావు కానీ నాకు అదే ముఖ్యంగా కనిపించింది. ఎంఎస్‌లో చాలామందికి మూత్రాశయం సరిగ్గా ఖాళీ కాదు, కొంత లోపలే నిలిచిపోతుంది, అందులో ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. మనకి మంట తెలియకపోవచ్చు, జ్వరం రాకపోవచ్చు, ఎందుకంటే అక్కడి కబురు మోసే నరాలే దెబ్బతిన్నాయి. బయటికి కనిపించేది కాళ్లు బిగదీయడం, నడక బరువెక్కడం, ఎప్పుడూ లేనంత నీరసం. అచ్చం రిలాప్స్ లాగే ఉంటుంది. ఇన్ఫెక్షన్‌కి మందు పడితే కాళ్లు వాటంతట అవే తేలికవుతాయి. దీన్ని నకిలీ రిలాప్స్ అంటారు, నకిలీ అని పేరు పెట్టినా పడే బాధ మాత్రం అసలుదే. అందుకే అడగకపోయినా యూరిన్ రిపోర్ట్ చేతిలో పట్టుకుని ఉండమన్నాను, రిలాప్స్ అని తేలి వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ఇవ్వాలన్నా ముందు ఇన్ఫెక్షన్ లేదని చూసుకునే ఇస్తారు. రిపోర్ట్ బాగానే ఉండి కూడా మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంటే, వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్‌లో చూస్తారు, ఆ విషయం కూడా అడుగు. ఇంకొకటి, హైదరాబాద్ బస్సు ఎక్కాలంటే పొద్దున్నుంచి నీళ్లు మానేస్తాం కదా, దారిలో ఆడవాళ్లకి సరైన టాయిలెట్ ఉండదని. ఐదారు గంటలు గొంతు ఎండబెట్టుకుని ఎండలో వెళ్లడం వల్ల ఇన్ఫెక్షన్‌ని చేతులారా పిలిచినట్టే అవుతుంది. వీలైతే రైల్లో వెళ్లు, కనీసం బాత్రూం ఉంటుంది.

24 గంటలు ఆగి చూడటం అన్నది తిమ్మిరికి, మొద్దుబారడానికి, కొద్దిగా తూలడానికి సరిపోతుంది. అన్నిటికీ కాదు. చూపు విషయంలో ఆగొద్దు. కన్ను కదిపితే నొప్పి, మధ్యలో మసక, ఎర్రరంగు వెలిసిపోయినట్టు కనిపించడం, ఇవి వస్తే ఆ రోజే కంటి డాక్టర్‌కో న్యూరాలజిస్ట్‌కో చూపించాలి, ఈసారి పన్నెండు రోజులు కాదు. నువ్వు వాడే ఫింగోలిమాడ్ వల్ల కూడా రెటీనా మధ్యభాగంలో వాపు రావచ్చు, అందుకే ఆ మందు మొదలుపెట్టిన మూడు నాలుగు నెలలకి కంటి పరీక్ష చేయించమంటారు, నీకు చేశారో లేదో ఫైల్లో చూసుకో. చూపు మసకబారితే అది జబ్బు వల్లా, మందు వల్లా అన్నది కంటి లోపల చూస్తేనే తెలుస్తుంది. రెండు కాళ్లూ ఒకేసారి బలహీనమైనా, కూర్చునే చోట స్పర్శ పోయినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా రాత్రయినా పగలైనా హాస్పిటల్‌కి వెళ్లాలి. మింగుతుంటే పదే పదే పొలమారుతున్నా, ఊపిరి అందకపోయినా అంతే. ఫిట్స్ వస్తే, ముఖ్యంగా ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, 108.

ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంటుంది, ఎంఎస్ పేరు ఒకసారి ఫైల్లో పడ్డాక ఇంట్లోవాళ్లూ, అప్పుడప్పుడు బయటి డాక్టర్లూ, మనకి ఏమొచ్చినా ఆ జబ్బేలే అనేస్తారు. మనకి గుండెపోటు రాదని, పక్షవాతం రాదని ఎవరూ రాసివ్వలేదు. మూతి ఒక పక్కకి లాగడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం ఉన్నట్టుండి నిమిషాల్లో వస్తే అది పక్షవాతం అనుకునే కదలాలి. ఎంఎస్ లక్షణం సాధారణంగా గంటలు, రోజుల మీద పెరుగుతుంది, అలా తలుపు తోసుకుని రాదు. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, ఆ టైమంతా న్యూరాలజిస్ట్ అసిస్టెంట్ ఫోన్ ఎత్తలేదని చూస్తూ కూర్చుంటే ఏం లాభం? అలాగే ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టు ఉండటం ఎంఎస్‌లో ఉంది, కానీ మొదటిసారి వచ్చినప్పుడు ఈసీజీ తీయించాకే దాన్ని ఎంఎస్ అనుకోవాలి.

ఒక విచిత్రమైన లక్షణం కూడా చెబుతాను, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. ఎక్కిళ్లు, వాంతులు రోజుల తరబడి ఆగకుండా ఉండి, గ్యాస్ మందులకి తగ్గకపోతే న్యూరాలజిస్ట్‌కి చెప్పాలి. ఎంఎస్ లాగే కనిపించే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వేరే జబ్బులో అది వస్తుంది. ఆ జబ్బుకి ఎంఎస్ మందులు కొన్ని హాని చేస్తాయి కూడా, నీ ఫింగోలిమాడ్ వాటిల్లో ఒకటి. ఆ జబ్బుని పట్టే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ అనే రక్తపరీక్ష నీకు చేశారా అని వెళ్లినప్పుడు ఒకసారి అడుగు. చేసే ఉంటారు, అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఆవిడ నీ మేలు కోరే అంటున్నారు, మన ఇళ్లలో ఏ మందైనా ఎండాకాలం వేడి చేస్తుందనే అంటారు. కానీ ఫింగోలిమాడ్ విషయంలో ఈ సలహా ప్రమాదం. ఈ మందు ఉన్నట్టుండి ఆపేస్తే కొంతమందికి జబ్బు అంతకుముందు కంటే ఎక్కువగా విరుచుకుపడుతుంది. 2018లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ దీనిమీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది, చాలావరకు ఆపిన 12 వారాల లోపు ఇలా జరిగిందని చెప్పింది. అంటే అత్తగారు చెప్పిన రెండు నెలలు సరిగ్గా అందులోనే పడతాయి. పైగా రెండు వారాలకు మించి ఆగిపోతే మళ్లీ ఇంట్లో కూర్చుని మామూలుగా మొదలుపెట్టకూడదు, మొదటి డోసు రోజు హాస్పిటల్‌లో ఆరు గంటలు కూర్చోబెట్టి గుండె వేగం చూశారు కదా, మళ్లీ అలాగే చూడాలి. అందుకని మందు ఆపాలనుకున్నా, ఊరెళ్లి మర్చిపోయినా, డబ్బులకి ఇబ్బందై ఈ నెల కొనలేకపోయినా, అది ఫోన్ చెయ్యాల్సిన విషయమే, అదీ ఆపకముందే. డబ్బు సంగతి చెప్పడానికి సిగ్గుపడకు, కంపెనీని బట్టి ధరలో చాలా తేడా ఉంటుంది, డాక్టర్ వేరేది రాయొచ్చు. కాళ్లు బిగదీయడానికి బాక్లోఫెన్ వాడేవాళ్లకీ ఇదే మాట, అదీ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ దాకా పోతుంది.

ఇదే మందు వాడుతూ జ్వరం 100.4 దాటితే మామూలు జ్వరమే అని పారాసెటమాల్‌తో మూడు నాలుగు రోజులు నెట్టుకురాకు, రోగనిరోధక కణాలు తక్కువగా ఉంటాయి కాబట్టి ఆ రోజే చెప్పాలి. తీవ్రమైన తలనొప్పితో మెడ పట్టేసి జ్వరం ఉంటే ఫోన్ కాదు, నేరుగా హాస్పిటల్. నడుం మీదో ఛాతీ మీదో ఒక పక్కనే మంటతో నీటిపొక్కులు వస్తే అది సర్పి, దాని మందు మొదటి మూడు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది, మంత్రం వేయించుకునేసరికి ఆ మూడు రోజులూ అయిపోతాయి. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే నీకు రాకముందే డాక్టర్‌కి చెప్పు. కళ్లు పచ్చబడి మూత్రం ముదురు రంగులో వస్తే కామెర్లని పసరు మందుకి వెళ్లకు, ఈ మందుకి లివర్ దెబ్బతినొచ్చు, లివర్ పరీక్ష చేయించి రిపోర్ట్ పంపు. తిప్పతీగ లాంటివి ఇమ్యూనిటీ పెరుగుతుందని ఎవరో ఒకరు తెచ్చిస్తూనే ఉంటారు. మన జబ్బే ఇమ్యూనిటీ అతిచేష్టల వల్ల వచ్చింది, దాన్ని ఇంకా ఎగదోయడం ఎందుకు? తిప్పతీగ వాడి లివర్ చెడిపోయిన కేసులు మన దేశంలో డాక్టర్లు రికార్డు చేశారు.

ఇంకా అరుదైనది ఒకటుంది, పీఎంఎల్ అనే మెదడు ఇన్ఫెక్షన్. నాటలిజుమాబ్ అనే ఇంకో ఎంఎస్ మందు వాడేవాళ్లలో ఎక్కువగా చెబుతారు, ఫింగోలిమాడ్‌తో చాలా అరుదు. వారాల మీద మెల్లగా మాట, నడక, చూపు తేడా వస్తూ, మనిషి తీరే మారిపోయి, మతిమరుపు పెరిగితే నీకంటే ముందు నీ పక్కనున్నవాళ్లకి తెలుస్తుంది. అందుకని ఇది నీకు కాదు, మీ ఆయనకి చెప్పి ఉంచు.

స్టెరాయిడ్ గురించి రెండు మాటలు, ఊళ్లలో దీంతోనే ఎక్కువ గందరగోళం. రిలాప్స్ అని తేలితే మామూలుగా మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకి ఒక గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. అది కోలుకోవడాన్ని తొందర చేస్తుంది, చివరికి ఎంత కోలుకుంటామన్నది పెద్దగా మార్చదు, అందుకే స్పర్శ తగ్గడం వరకే ఉన్న చిన్న రిలాప్స్‌కి కొందరు డాక్టర్లు అసలు ఇవ్వరు. ఇవ్వలేదని వాళ్లు పట్టించుకోలేదనుకోకు. ఇవ్వాలనుకుంటే మాత్రం ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ మార్గదర్శకాల్లో లక్షణాలు మొదలైన 14 రోజుల లోపు ఇవ్వమని ఉంది. నీకు నాలుగు రోజులైపోయాయి, కంగారు పడాల్సినంత ఆలస్యం కాలేదు, కానీ వచ్చే వారం చూద్దాం అనేంత వ్యవధి కూడా లేదు. వీధి చివర ఆర్‌ఎంపీ డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి పొడిచి పంపిస్తానంటే వద్దను. పాత చీటీ చూసి మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు రెండు మింగడమూ వద్దు. 1992లో అమెరికాలో నీలాగే కంటినరం వాచినవాళ్ల మీద పెద్ద పరిశోధన జరిగింది, మామూలు మోతాదులో ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే వాడినవాళ్లకి, ఏ మందూ లేని మాత్ర వేసుకున్నవాళ్ల కంటే ఎక్కువసార్లు ఆ జబ్బు తిరగబెట్టింది. కొంచెం వేసుకుంటే కొంచెం మేలు అన్న లెక్క ఇక్కడ పనిచెయ్యదు. స్టెరాయిడ్ ఎక్కించుకున్న రోజుల్లో నిద్ర పట్టదు, నోరంతా లోహపు రుచి, ఊరికే ఏడుపో కోపమో వస్తుంది, ఇవన్నీ తెలిసినవే, భరించొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

ఫోన్ అక్కర్లేనివీ ఉన్నాయి. ఒక రోజు అలసట, నిద్ర లేని రాత్రి తర్వాత కాళ్ల లాగుడు, పెళ్లికి వెళ్లొచ్చాక రెండు రోజులు లేవలేకపోవడం, ఇవి ఎంఎస్‌తో బతకడంలో భాగం. కానీ అలసట వారాల తరబడి తగ్గకపోతే అన్నీ ఎంఎస్ ఖాతాలో వెయ్యకు, రక్తహీనత, థైరాయిడ్, బీ12 చూపించుకో, మన ఆడవాళ్లలో ఐరన్ తక్కువ ఉండటం ఎంత మామూలో నీకు తెలుసు. ఇక మెల్లగా జరిగేది ఒకటుంటుంది, అది ఏ ఒక్క రోజూ ఫోన్ చెయ్యాల్సినంత పెద్దగా కనిపించదు. పోయిన దసరాకి గుడి దాకా ఆగకుండా నడిచినదానివి ఈ ఉగాదికి మధ్యలో రెండుసార్లు కూర్చున్నావనుకో, రిలాప్స్ ఏమీ రాకపోయినా జబ్బు లోపల కదులుతోందేమో చూడాలి. అపాయింట్‌మెంట్ ముందుకు జరుపుకోవడానికి ఆ కారణం చాలు. బాగానే ఉన్నాను కదా అని రక్తపరీక్షలు, డాక్టర్ చెప్పిన టైముకి ఎమ్మారై మానెయ్యకు, లక్షణం లేకుండానే మెదడులో కొత్త మచ్చలు రావచ్చు.

మనసు సంగతి నువ్వు రాయలేదు, నేనే అడుగుతున్నాను. ఎంఎస్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ, కొంత జబ్బు మెదడులో చేసే పని వల్ల, కొంత బతుకు వల్ల. రెండు వారాలకు పైగా ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోతే అదీ న్యూరాలజిస్ట్‌కి చెప్పాల్సిన లక్షణమే, ఏడుపు వస్తోంది అనడానికి, కాలు మొద్దుబారింది అనడానికి తేడా ఏమీ లేదు. చచ్చిపోవాలనిపిస్తే ఎవరి అపాయింట్‌మెంట్ కోసమూ ఆగొద్దు, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబర్ 14416కి ఏ వేళకైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు డాక్టర్‌ని నేరుగా అడుగు: నాకు ఏమేమి వస్తే ఆ రోజే చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఏ నంబర్, రాత్రయితే ఎక్కడికి వెళ్లాలి, అవసరమైతే స్టెరాయిడ్ నంద్యాలలోనో కర్నూలులోనో ఎక్కించుకోవచ్చా? ఇంతవరకు మా డాక్టర్లెవరూ ఈ ప్రశ్నకి చిరాకు పడలేదు, పైగా చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ ఉంటే అసిస్టెంట్ ఏమనుకుంటాడో అన్న టెన్షన్ ఉండదు, డాక్టర్ గారే చెయ్యమన్నారు అని చెప్పొచ్చు. నంద్యాలలో ఒక ఫిజీషియన్‌ని కూడా చూసుకుని నీ డిశ్చార్జ్ సమ్మరీ, చివరి ఎమ్మారై రిపోర్ట్, వాడే మందుల పేర్లు ఒక కాపీ ఆయన దగ్గర పెట్టు, జ్వరం, యూరిన్ లాంటివి అక్కడే చూసుకోవచ్చు. ఆ కాగితాలే ఫొటోలు తీసి మీ ఆయన ఫోన్‌లో కూడా ఉంచు, నీకు కళ్లు కనిపించని రోజు నీ ఫోన్ లాక్ ఎవరు తీస్తారు చెప్పు.

ఇక పిల్లల మాట. ఎంఎస్ ఉంటే పిల్లలు కనకూడదని ఎవరైనా అంటే నమ్మకు, కనొచ్చు. అయితే ఫింగోలిమాడ్ మీద ఉండగా గర్భం రాకూడదు, బిడ్డకి అవయవలోపాలు వచ్చే అవకాశం ఉంది, మందు ఆపాక కూడా కనీసం రెండు నెలలు ఆగాలి. ఆపితే జబ్బు ఎగసిపడొచ్చని పైన రాశాను కదా, అంటే నీ అంతట నువ్వు ఆపి ప్రయత్నం మొదలుపెట్టేది కాదు, ముందు డాక్టర్ వేరే మందుకి మార్చే ఏర్పాటు చెయ్యాలి, దానికి నెలలు పట్టొచ్చు. ఈ ఫోన్ ఇవాళ అక్కర్లేదు, కాలి సంగతి తేలాక చెయ్యి, మీ ఆయన్నీ వెంట తీసుకెళ్లి కూర్చోబెట్టు, అత్తగారు వస్తానంటే ఆవిణ్ని కూడా. అనుకోకుండా నెల తప్పితే మాత్రం ఆ రోజే ఫోన్. గర్భంలో, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, రిలాప్స్‌లు తగ్గుతాయి, కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో పెరుగుతాయి. కాబట్టి పాలిస్తూ ఏ మందు వాడొచ్చు, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ఏడో నెలలోనే న్యూరాలజిస్ట్‌నీ గైనకాలజిస్ట్‌నీ ఇద్దరినీ అడిగి, పుట్టింటికి వెళ్లేముందు రాయించుకుని పెట్టుకో.